చదరంగం గళ్ళ బియ్యం: చిట్టా పుస్తకంలో ఇరవై అంకెల సంఖ్య

మొదటి రోజు, ఆదివారం

నేను నరసన్నపేట దగ్గర ఒక రైస్ మిల్లులో గుమస్తాని. బస్తాలు, క్వింటాళ్ళు, తేమ శాతం, నూక శాతం రాసుకోవడమే రోజూ నా పని. సంక్రాంతి సెలవులకి మా అక్క కూతురు ఆమదాలవలస నుంచి వచ్చింది, తొమ్మిదో తరగతి. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా అరవై నాలుగు గళ్ళూ నింపమని రాజుగారిని అడిగిన కథ వాళ్ళ మాస్టారు చెప్పారట. మిల్లులో బస్తాల వరస చూసి అడిగింది: "మావయ్యా, ఈ బియ్యం సరిపోతాదేటి?"

ఫోన్లో కొట్టి చూశాం. 1.8446744 అని చూపించి పక్కన E19 అని పెట్టింది. అంటే మొదటి ఎనిమిది అంకెలు మాత్రమే ఇచ్చి మిగతా పన్నెండూ దాచేసింది. లెక్క రాసే వాడికి ఇది మింగుడు పడదు. చిట్టాలో ఎవరైనా "సుమారు ఇంత" అని రాస్తే ఒప్పుకుంటామా? అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. పోయినేడు సగం మిగిలిన చిట్టా పుస్తకంలో అరవై నాలుగు గళ్ళూ చేత్తో రాయాలి, చివరి అంకె దాకా. తర్వాత ఆ మొత్తం ఏ ఏ సంఖ్యలు గుణిస్తే వచ్చిందో విడగొట్టాలి. పూర్తయ్యేదాకా క్యాలిక్యులేటర్ ముట్టుకోకూడదు.

రాత్రి భోజనాలయ్యాక ఇరవై గళ్ళ దాకా రాశాం. ఇరవై ఒకటో గడిలో 10,48,576 గింజలు. మొత్తం ఎప్పుడూ తర్వాతి గడి కంటే ఒకటి తక్కువ ఉంటుందని పిల్ల ముందే పట్టేసింది. అంటే కూడికలు చెయ్యక్కర్లేదు, 65వ గడి ఉంటే అందులో ఎన్ని పడేవో కట్టి ఒకటి తీసేస్తే చాలు. 2⁶⁴ − 1. మా లక్ష్యం ఇదీ.

రెండో రోజు, సోమవారం

గింజ బరువు లేకపోతే బియ్యం లెక్క బియ్యం లెక్కలా ఉండదు. స్వర్ణ బియ్యం తీసుకున్నాం, మా వైపు రైతులు బాగా వేసే రకం, ఎం.టి.యు. 7029, మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టింది. చేటలో పోసి నూక తీసేసి, నిండు గింజలే ఏరి, పదేసి చొప్పున వంద కుప్పలు. అలా మూడుసార్లు. మిల్లు కాటా యాభై గ్రాముల లోపు కదలదు కాబట్టి బజార్లో నగలు చేసే ఆయన దగ్గరకి పట్టుకెళ్ళాం. ఆయన ఒక్క మాట అడక్కుండా గాజు తలుపు తీసి, చిన్న పళ్ళెంలో పొట్లం విప్పించి తూచాడు. 13.9, 14.2, 13.9 గ్రాములు. సగటున వెయ్యి గింజలు 14 గ్రాములు.

ఇప్పుడు గళ్ళని బస్తాల్లోకి మార్చొచ్చు. మొదటి ఇరవై గళ్ళ మొత్తం 14 కిలోల 680 గ్రాములు. ఇరవై ఒకటో గడి నింపగానే 29 కిలోలు దాటి, పాతిక కిలోల బస్తా పొంగిపోతుంది. సగం బోర్డు, అంటే 32 గళ్ళు నిండేసరికి 4,29,49,67,295 గింజలు, 60 టన్నుల చిల్లర. పెద్ద లారీకి 20 టన్నులు వేసుకుంటే మూడు లారీలు. పిల్ల మొహం వెలిగిపోయింది. "అయితే సరిపోతాది మావయ్యా!" అంది. సగం బోర్డు దాకా మన మిల్లు నిజంగానే సరిపోతుంది. రెండో సగం సంగతి రేపు చూద్దామన్నాను.

మూడో రోజు

మిల్లులో లోడింగ్, రాత్రి పదింటికి కూర్చున్నాం. 33 నుంచి 45 దాకా రాశాం. పడుకునే ముందు తొమ్మిదుల పరీక్ష పెట్టాను. మా నాన్న నేర్పింది: అంకెలన్నీ కూడి, మళ్ళీ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా. రెట్టింపులకి ఇది ఒక వరసలో తిరుగుతుంది, 1, 2, 4, 8, 7, 5, మళ్ళీ 1. ఏ గడికి ఏ అంకె రావాలో ముందే తెలిసిపోతుంది. 45వ గడికి 4 రావాలి. మా పుస్తకంలో ఉన్న సంఖ్య 17592184764416. కూడితే 65, 11, 2.

నాకు నిద్ర ఎగిరిపోయింది.

నాలుగో రోజు

తెల్లారగట్ల లేచి వెనక్కి వెతికాను. ఒక్కో గడీ చూసుకుంటూ పోకుండా మధ్యలో 40 పట్టుకున్నాను, తప్పు. 36 పట్టుకున్నాను, ఒప్పు. 38 తప్పు, 37 ఒప్పు. దొరికింది. 37వ గడి 68719476736. దీన్ని రెట్టిస్తే 137438953472 రావాలి, మేం 137438943472 అని రాశాం. కుడి నుంచి అయిదో అంకె దగ్గర, ఏడు రెళ్ళు పద్నాలుగు, వెనకనుంచి వచ్చిన ఒకటి కలిపితే పదిహేను, అక్కడ 5 వెయ్యాల్సింది 4 వేశాను. చేతిలో ఉన్న ఒకటి మర్చిపోయాను. అంతే. ఆ ఒక్క అంకె వల్ల ఎనిమిది గళ్ళూ కొట్టేసి మళ్ళీ రాయాల్సొచ్చింది.

ఇక్కడ ఒక మాట రాసుకోవాలి. 38వ గడిలో మా తప్పు పదివేల గింజలు, అంటే 140 గ్రాములు, చారెడు బియ్యం. గడి గడికీ అదీ రెట్టింపవుతుంది కాబట్టి 45వ గడికి 12 లక్షల 80 వేల గింజలు, దాదాపు 18 కిలోలు. 65 దాకా చూసుకోకుండా పోయుంటే 18,700 టన్నులు దాటేది.

ఇకమీదట ప్రతి గడికీ తొమ్మిదుల పరీక్ష, అయిదు గళ్ళకోసారి పదకొండు పరీక్ష కూడా అని నిర్ణయం. రెండు అంకెలు తారుమారైతే తొమ్మిదుల పరీక్ష పట్టలేదు, మొత్తం మారదు కదా. పక్కపక్క అంకెలు తారుమారైతే పదకొండు పరీక్ష పట్టేస్తుంది. కుడి నుంచి ఒకటి కూడి, ఒకటి తీసి, అలా పోవడమే.

ఆరో రోజు, శుక్రవారం రాత్రి 11:40

అయిపోయింది. 64వ గడిలో 9223372036854775808 గింజలు. 65వ గడి ఉంటే 18446744073709551616. తొమ్మిదుల పరీక్షకి 7 రావాలి, 7 వచ్చింది. పదకొండు పరీక్షకి 5 రావాలి, 38 వచ్చి అందులోంచి 33 పోతే 5. ఒకటి తీసేశాం:

18446744073709551615

పిల్ల గట్టిగా చదవమంది. లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్ల, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్ల, తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. ఊపిరి తీసుకోకుండా చదవడం కుదర్లేదు.

బరువు కట్టాం. సుమారు 25,825 కోట్ల టన్నులు. 2023-24లో మన దేశం మొత్తం పండించిన బియ్యం 13 కోట్ల 78 లక్షల టన్నులు. అదే లెక్కన ఏటా పండి, ఎవరూ ఒక్క ముద్ద తినకుండా దాచినా 1870 ఏళ్ళ పైన పడుతుంది. మొన్నటి మూడు లారీలు ఇక్కడికి వచ్చాయి.

ఇదే సంఖ్య కంప్యూటర్ వాళ్ళకీ రోజూ తగిలేదే. 64 బిట్లలో (సున్నా గానీ ఒకటి గానీ పట్టే గళ్ళు) పట్టే అతి పెద్ద సంఖ్య ఇది, అరవై నాలుగు గళ్ళూ ఒకట్లతో నిండితే వచ్చేది. గడి అన్నా బిట్ అన్నా లెక్క ఒకటే.

ఏడో రోజు

మిల్లుకి సెలవు. మధ్యాహ్నం మా పెదనాన్నగారింటికి వెళ్ళాం, రిటైరైన తెలుగు పండితులు. పుస్తకం చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని సంఖ్యని కుడి నుంచి ఎడమకి వేలితో చూసుకుంటూ పోయారు, పెదాలు కదుపుతూ. తర్వాత ఒక పద్యం అందుకున్నారు. పావులూరి మల్లనదిగా చెప్పుకునే పద్యం అట, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసినాయన. అందులో ఒక్క అంకె కూడా అంకెలా ఉండదు. శర అంటే మన్మథుడి బాణాలు, అయిదు. శశి, ఒకటి. షట్క, ఆరు. చంద్ర, మళ్ళీ ఒకటి. మళ్ళీ శర, సాయక, రెండూ బాణాలే, రెండూ అయిదులే. రంధ్ర తొమ్మిది. వియత్తు అంటే ఆకాశం, సున్నా. అంకెలు ఎడమకి నడుస్తాయి కాబట్టి ఇదంతా మన సంఖ్య తోక: ...09551615.

నేను పుస్తకం మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను, ఆయన ఒక్కో మాటా చెప్తుంటే. నగ ఏడు, అగ్ని మూడు, భూధర ఏడు, గగన సున్నా, అబ్ధి నాలుగు, వేద నాలుగు, గిరి ఏడు, తర్క ఆరు, పయోనిధి నాలుగు, పద్మజుడి ముఖాలు నాలుగు, కుంజర ఎనిమిది, ఎందుకంటే దిగ్గజాలు ఎనిమిది. ఆఖర్న తుహినాంశు, మంచు కిరణాల వాడు, చంద్రుడే, ఒకటి. ఇరవైకి ఇరవై కలిశాయి. మేం ఆరు రాత్రులు కూర్చుని, ఒకసారి తప్పి, మళ్ళీ కట్టి తెచ్చిన సంఖ్యని వందల ఏళ్ళ కిందట ఎవరో మా భాషలో పద్యం చేసి పెట్టారు. నాకు కాసేపు మాట రాలేదు. క్యాలిక్యులేటర్తో సరిచూసుకుందామనుకున్న పని ఆ పద్యంతోనే అయిపోయింది.

పిల్ల వెంటనే అడిగింది, "తాతా, ఏడుకి నగ అని ఒకసారి, గిరి అని ఒకసారి, భూధర అని ఒకసారి ఎందుకు?" అన్నీ కొండలే, కులపర్వతాలు ఏడు, ఛందస్సుకి ఏది సరిపోతే అది వేసుకుంటారమ్మా అన్నారాయన.

ఎనిమిదో రోజు

విడగొట్టడం మొదలు. ఇది అనుకున్న దానికంటే తేలిగ్గా కదిలింది, కారణం పిల్ల తొమ్మిదో తరగతి పుస్తకమే. a² − 1 అంటే (a − 1)(a + 1). 2⁶⁴ అంటే 2³² వర్గం. కాబట్టి మన సంఖ్య 4294967295 × 4294967297. మొదటిది సగం బోర్డు మొత్తం, మన మూడు లారీలు. దాన్ని మళ్ళీ అలాగే చీల్చొచ్చు: 65535 × 65537. మళ్ళీ 255 × 257. మళ్ళీ 15 × 17. మళ్ళీ 3 × 5. కట్టెపుల్ల చీల్చినట్టు ప్రతిసారీ సగానికి వస్తోంది. అంకెల మొత్తం 87, మూడుతో పోతుంది తొమ్మిదితో పోదు అని ముందే తెలుసు, అదీ కలిసింది.

3, 5, 17, 257 ప్రధాన సంఖ్యలని ఎక్కాలతోనే తేలిపోయింది. 65537కి కొంచెం కూర్చోవాలి. ఇక్కడ ఒక పాత ఉపాయం ఉంది. ఒక ప్రధాన సంఖ్య 2¹⁶ + 1ని భాగిస్తే, ఆ ప్రధాన సంఖ్య మీద రెట్టింపుల శేషాలు సరిగ్గా 32 అడుగులకి మొదటికి వస్తాయి, అందువల్ల అది 32 గుణకం కంటే ఒకటి ఎక్కువ అయ్యి తీరాలి. 256 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు రెండే, 97, 193. శేషాలు 62, 110. రెండూ పోవు. 65537 ప్రధాన సంఖ్యే.

ఇక మిగిలింది 4294967297.

తొమ్మిదో రోజు

ఈ సంఖ్యకి చరిత్ర ఉంది. 2¹ + 1, 2² + 1, 2⁴ + 1, 2⁸ + 1, 2¹⁶ + 1, అంటే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే కావడంతో, ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని 17వ శతాబ్దంలో ఫెర్మా అనే గణిత పండితుడు నమ్మాడు. తర్వాతిది మన 2³² + 1. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు.

చేత్తో చేశాం. 4294లో 641 ఆరుసార్లు, మిగిలింది 448. 9 దించితే 4489, ఏడుసార్లు, మిగిలింది 2. 6 దించితే 26, సున్నా. 7 దించితే 267, ఇంకో సున్నా. ఈ రెండు సున్నాలూ మొదటిసారి వెయ్యకుండా దాటేశాను, పిల్ల పట్టుకుంది. 2 దించితే 2672, నాలుగుసార్లు, మిగిలింది 108. 9 దించితే 1089, ఒకసారి, మిగిలింది 448. ఇక్కడ ఇద్దరం ఆగాం. ఇంతకుముందు చూసిన 448 మళ్ళీ వచ్చింది. అప్పుడు పక్కన 9 దిగి 4489 అయ్యింది, రెండు మిగిలింది. ఇప్పుడు దిగాల్సిన ఆఖరి అంకె 7. అంటే 4487, సరిగ్గా రెండు తక్కువ. శేషం సున్నా. భాగఫలం 6700417.

ఎందుకు పోయిందో కూడా తెలియాలి కదా, అది ఇంకా బావుంది. 641ని రెండు రకాలుగా చూడొచ్చు: 5 × 128 + 1, అలాగే 625 + 16. మొదటి దాన్ని బట్టి 5 × 2⁷ని 641తో భాగిస్తే ఒకటి తక్కువ పడుతుంది, శేషం −1 అనుకోవచ్చు. దాన్ని దానితోనే నాలుగుసార్లు గుణిస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండో దాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ వేసుకోవచ్చు. అప్పుడు −2³² శేషం 1. అంటే 2³² + 1 శేషం సున్నా. భాగహారమే అక్కర్లేదు. ఇది అర్థమైన రాత్రి నేను చాలాసేపు అరుగు మీద కూర్చుండిపోయాను.

పదో రోజు

6700417 ప్రధాన సంఖ్యా కాదా? వర్గమూలం 2588 చిల్లర, అంతవరకూ ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించాలంటే సంక్రాంతి కాదు ఉగాది వస్తుంది. మొన్నటి ఉపాయమే ఇక్కడా. 1878లో లూకాస్ దాన్ని ఇంకా బిగించాడు, 2³² + 1ని భాగించే ప్రధాన సంఖ్య 128 గుణకం కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. 129, 257, 385... అలా 2561 దాకా ఇరవై సంఖ్యలు. అందులో ప్రధానమైనవి అయిదు: 257, 641, 769, 1153, 1409.

శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ పోలేదు. 641తో మళ్ళీ ఎందుకు అంది పిల్ల. ఒకసారి పోయింది కదా అని రెండోసారి పోదని లేదు, 641 రెండుసార్లు దాగి ఉండొచ్చు, అందుకే.

ఇదిగో మొత్తం:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటీ ఒక్కసారే. మొదటి సగం బోర్డులోని అయిదింటికి (3, 5, 17, 257, 65537) ఇంకో ఘనత కూడా ఉంది. గాస్ చెప్పిన ప్రకారం, స్కేలు, కంపాస్‌తోనే గీయగల క్రమ బహుభుజాల్లో (భుజాలన్నీ, కోణాలన్నీ సమానంగా ఉండేవి) భుజాల సంఖ్య బేసి అయినవి మనకి తెలిసినంతవరకు ముప్పై ఒకటే. అవన్నీ ఈ అయిదు సంఖ్యల్ని కలిపి గుణించగా వచ్చేవే. అన్నిటికంటే పెద్దదానికి భుజాలు 4294967295. మన మూడు లారీల గింజలెన్నో అన్ని.

పదకొండో రోజు, బుధవారం

రేపు పిల్ల వెళ్ళిపోతుంది. ఈ సంఖ్యని శేషం లేకుండా భాగించేవి మొత్తం ఎన్ని అని లెక్క వేశాం. ఏడు ప్రధాన సంఖ్యల్లో ఒక్కోటీ ఉండొచ్చు, లేకపోవచ్చు, కాబట్టి ఒకటిని ఏడుసార్లు రెట్టిస్తే 128. గుణిస్తే మన సంఖ్య వచ్చేలా రెండేసి జత కడితే 64 జతలు. అరవై నాలుగు! పాత క్యాలెండర్ వెనక ఎనిమిది ఎనిమిదుల గళ్ళు గీసి, గడికొక జత చొప్పున, చిన్న భాగం పెరిగే వరసలో రాయడం మొదలుపెట్టాం.

మొదటి గడి: 1, 18446744073709551615. రెండోది: 3, 6148914691236517205. మూడోది: 5, 3689348814741910323. మొదటి వరస నిండేసరికి చిన్న భాగాలు 1, 3, 5, 15, 17, 51, 85, 255. బియ్యం లెక్కలో కూడా మొదటి వరస ఎనిమిది గళ్ళ గింజలు కలిపితే 255 అని పిల్లే చూపించింది. ప్రతి వరసా పై వరసకి 256 రెట్లు కాబట్టి మొత్తం బోర్డు ఆ 255తో పోవాల్సిందే.

రెండో వరస 257తో మొదలైంది, తర్వాత 641, 771, 1285. ఇక్కణ్ణుంచి పెద్ద భాగాల భాగహారాలు ఆలస్యమయ్యాయి. అక్క రెండుసార్లు ఫోన్ చేసింది, పిల్లని పడుకోబెట్టమని. ప్రతి జతకీ తొమ్మిదుల పరీక్ష, గుణిస్తే 6 రావాలి. రెండు చోట్ల రాలేదు, దిద్దాం.

ఒంటిగంట దాటాక అరవై నాలుగో గడికి వచ్చాం. చిన్న భాగం, పెద్ద భాగం దగ్గరదగ్గరగా వచ్చేశాయి, మధ్య తేడా రెండే. పెన్ను పిల్ల చేతికిచ్చాను. ఒక్కో అంకె పైకి చదువుకుంటూ రాసింది: 4294967295, 4294967297.